ఎక్కాలు రావని ఆల్జీబ్రా ఆపకండి

"ముందు వానికి ఎక్కాలు రానియ్యండి సార్, ఆల్జీబ్రా సంగతి తర్వాత చూద్దాం." వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఏ హైస్కూల్ స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. ప్రైవేటు స్కూళ్ళలో ఇదే మాటను పేరెంట్స్ మీటింగ్‌లో కాస్త మర్యాదగా చెప్తారు, "బేసిక్స్ వీక్‌గా ఉన్నాయండీ, ఇంట్లో కొంచెం చూసుకోండి" అని. నేను జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఆరు నుంచి పది దాకా. ఈ మాట అనేవాళ్ళు పిల్లల మీద కోపంతో అనరు, కింది క్లాసు లెక్కలు రాకుండా పై క్లాసు లెక్కలు ఎట్లా వస్తాయన్న ఆలోచనతోనే అంటారు. అయినా సరే, లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న పిల్లల విషయంలో ఇది తప్పు. ఎక్కాలు వచ్చేదాకా ఆగితే వాళ్ళలో చాలామందికి ఆల్జీబ్రా ఇక రాదు. ఎక్కాలు రాకపోయినా ఇప్పుడే, మిగతా క్లాసుతో పాటే, పద్ధతిగా చెప్తే వస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతాదంతా ఎందుకు, ఎట్లా అన్నదే.

ఏ పిల్లల గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పాలి. దాదాపు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు. మాట్లాడితే తెలివైన పిల్లలే. జాతరకు ఎట్లా పోయిందీ, దారిలో ఏమేం జరిగిందీ పొల్లు పోకుండా చెప్తారు, సైకిల్ చెయిన్ ఊడితే చిటికెలో ఎక్కిస్తారు. నోట్‌బుక్ తెరిస్తే మాత్రం వేరే సంగతి. బోర్డు మీద 31 ఉంటే పుస్తకంలో 13 ఉంటుంది. మొదటి లైన్లో ఉన్న మైనస్ మూడో లైన్‌కు వచ్చేసరికి కనిపించదు. ఒకట్లు రాయాల్సిన చోట పదులు పడతాయి, కూడిక వచ్చినా జవాబు తప్పవుతుంది. ఎక్స్ అనే అక్షరాన్ని గుణకారం గుర్తు అనుకుంటారు, చిన్న బీకి, ఆరుకు తేడా చూడలేక ఒకదాని బదులు ఒకటి రాస్తారు. ఎనిమిదో తరగతికి వచ్చినా 7 × 8 ఎంత అని అడిగితే చేతులు బెంచీ కిందికి పోతాయి, ఎందుకంటే పైన పెట్టి వేళ్ళు లెక్కపెడితే పక్కవాళ్ళు నవ్వుతారని ఆ పిల్లకు అప్పటికే తెలుసు. నిన్న సాయంత్రం తప్పు లేకుండా అప్పజెప్పిన ఎనిమిదో ఎక్కం ఇవాళ పొద్దున ఉండదు. దీన్ని ఇంట్లో బద్ధకం అంటారు, బడిలో శ్రద్ధ లేదని ప్రోగ్రెస్ కార్డు మీద రాస్తారు.

బద్ధకం వేరు, ఇది వేరు అని చట్టమే చెప్తోంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో అవి 21 అయ్యాయి, వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, మనం లెర్నింగ్ డిజెబిలిటీ అంటున్నది దీన్నే. చదవడంలో ఇబ్బంది ఉంటే డిస్లెక్సియా, రాయడంలో ఉంటే డిస్‌గ్రాఫియా, అంకెలతో ఉంటే డిస్‌కాల్క్యులియా. కొందరిలో ఇవి కలిసే ఉంటాయి. తెలివి తక్కువ కావడానికీ దీనికీ సంబంధం లేదు. అంకెలతో వచ్చే ఇబ్బంది ఒక్కటే నూటికి 3 నుంచి 7 మంది పిల్లల్లో ఉంటుందని పరిశోధకుల అంచనా, అంటే 40 మంది కూర్చున్న గదిలో ఒకరైనా ఉండే లెక్క. ఆ చట్టం 16వ సెక్షన్‌లో, ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడిలోనూ ఇలాంటి పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించాలని, వాళ్ళకు తగినట్టు బోధన పద్ధతులు మార్చాలని ఉంది. హనుమకొండ నయీంనగర్‌లో, సుబేదారిలో ప్రైవేటు బడులకు వేలకు వేలు ఫీజులు కట్టే తల్లిదండ్రులు ఈ సెక్షన్ గుర్తు పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు ఎక్కాల సంగతి. డిస్‌కాల్క్యులియా ఉన్న పిల్లలను అన్నిటికన్నా ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టేది సరిగ్గా ఇదే, చిన్న చిన్న గుణకారాలను జ్ఞాపకంలోంచి టక్కున తీయడం. వయసుతో కొంత మెరుగవుతుంది గానీ చాలామందికి పెద్దయ్యాక కూడా పూర్తిగా పోదు. అంటే మనం ఏం షరతు పెడుతున్నాం? ఆ పిల్లకు అన్నిటికన్నా కష్టమైన పనినే గుమ్మం దగ్గర పెట్టి, అది చేస్తేనే లోపలికి రానిస్తాం అంటున్నాం. ఈలోగా క్లాసు ఆగదు. ఆరో తరగతిలో బీజగణిత పరిచయం, ఏడులో సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు, ఆ పైన బహుపదులు, వర్గ సమీకరణాలు. ఫిజిక్స్‌లో ఓమ్ నియమం వచ్చినా అదే సమీకరణం. వెనక బెంచీలో కూర్చుని ఆరో ఎక్కం ఇంపొజిషన్ రాస్తున్న పిల్లకు ఇవేవీ చేరవు. పదో తరగతి లెక్కల్లో 35 మార్కులు రాకపోతే సర్టిఫికెట్ లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 ప్రశ్నలుంటే 60 లెక్కలవే. సైకిల్ చెయిన్ చిటికెలో ఎక్కించే పిల్లాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదవాల్సినవాడు, వాడి దారి ఎనిమిదో ఎక్కం దగ్గర మూసేస్తున్నాం.

అసలు ఎక్కాలకూ ఆల్జీబ్రాకూ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. మెదడుకు దెబ్బ తగిలి ఎక్కాలు చాలావరకు చెరిగిపోయినా, అక్షరాలతో ఉన్న లెక్కలను సరిగ్గా మార్చి రాయగలిగిన మనిషి గురించి 1990లలోనే న్యూరో సైకాలజీ పరిశోధకులు రాశారు. ఒకటి జ్ఞాపకం, ఇంకోటి సంబంధాన్ని చూడగలగడం. తెలియని సంఖ్య ఒకటి ఉంది, దాని గురించి మనకు ఒక సమాచారం తెలుసు, ఆ సమాచారం చెడకుండా దాన్ని విప్పుకుంటూ పోతే సంఖ్య బయటపడుతుంది. ఇదీ ఆల్జీబ్రా అంటే. ఇందులో ఎనిమిదో ఎక్కం అవసరమయ్యేది చిట్టచివర, అది కూడా అట్ట మీద రాసిన పట్టికలో చూసుకుంటే పోయే పని.

దీనికి కావలసిన అసలు పునాది వేరే ఉంది, అది బాగా చదివే పిల్లల్లో కూడా చాలామందికి ఉండదు. ఆరో తరగతిలో ఎవరికైనా ఈ లెక్క ఇచ్చి చూడండి: 8 + 4 = □ + 5. ఎక్కువమంది డబ్బాలో 12 రాస్తారు, కొందరు 17 రాస్తారు. 7 రాసేవాళ్ళు తక్కువ. మన పిల్లలే కాదు, అమెరికాలో 1990లలో ఇదే లెక్క ఒకటి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలకు ఇస్తే సరిగ్గా రాసినవాళ్ళు నూటికి 10 మంది కూడా లేరు. ఎందుకంటే ఒకటో తరగతి నుంచీ ఈజీక్వల్టు గుర్తుకు వాళ్ళు నేర్చుకున్న అర్థం "ఇక్కడ జవాబు రాయాలి" అని. రెండు వైపులా ఉన్నది సమానం అని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ ఒక్క విషయం తెలియకుండా సమీకరణాల పాఠం మొదలుపెడితే ఆ తర్వాత చెప్పేదంతా మంత్రాలే అవుతాయి.

ఇది చెప్పడానికి మన ప్రాంతంలో ఉన్నంత సులువు ఇంకెక్కడా లేదు. మేడారం జాతర ముందు ఇంటింటా బంగారం, అంటే మొక్కు బెల్లం, జోకడం ప్రతి పిల్లా చూసి ఉంటుంది. తరాజులో ఒక పక్క మొక్కు ఉన్న మనిషి, ఇంకో పక్క బెల్లం. ముల్లు మధ్యకు వచ్చేదాకా బెల్లం ముద్దలు పెడుతూనే ఉంటారు, వచ్చాక ఎవరూ చెయ్యి పెట్టరు. "ఇప్పుడు తమ్ముడు చెప్పులు ఇడిస్తే ఏమైతది?" అని అడగండి. "బెల్లం దిక్కు కిందికి పోతది సార్." "మళ్ళ సమానం కావాలంటే?" "చెప్పులంత బెల్లం తియ్యాలె." ఈ జవాబు చెప్పిన పిల్లకు సమీకరణాల్లో ఉన్న ముఖ్యమైన సూత్రం వచ్చేసినట్టే, ఒక వైపు ఏం చేస్తే రెండో వైపూ అదే చెయ్యాలి. ఎక్కాలు రాని పిల్ల కూడా ఈ జవాబు చెప్తుంది. చాలాసార్లు ఫస్ట్ ర్యాంకు పిల్లకన్నా ముందే చెప్తుంది.

ఇక్కడ నా వృత్తిలో ఉన్నవాళ్ళతో నాకు పెద్ద పేచీ ఉంది. "ప్లస్ అటు పోతే మైనస్ అవుతుంది, ఇంటూ అటు పోతే కిందికి పోతుంది" అని మనమంతా చెప్తాం. పక్షాంతరం చెయ్యడానికి, అంటే ఒక పదాన్ని సమాన గుర్తుకు ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చడానికి, దగ్గరి దారి. జ్ఞాపకం బాగున్న పిల్లలు దీన్ని పట్టుకుని పదో తరగతి దాటిపోతారు. కానీ లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న పిల్లకు ఇది ఇంకో ఎక్కం, అంతే. ఏది ఎటు పోతే ఏమవుతుందో నాలుగు రూల్స్, నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మూడు ఎక్స్‌లో ఉన్న మూడును అటు పంపి మైనస్ 3 చేస్తుంది. చేసినదాన్ని సరిచూసుకునే మార్గం కూడా ఆ పిల్ల దగ్గర ఉండదు, ఎందుకంటే రూల్ వెనక కారణం లేదు. తరాజు తెలిసిన పిల్లకు రూల్ మర్చిపోయినా దారి దొరుకుతుంది. దయచేసి ఏడో తరగతిలో "అటు పోతే" అనే మాట వాడకండి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పిల్లలే ఆ దగ్గరి దారిని కనుక్కుంటారు, అప్పుడు నష్టం లేదు.

ఇక నేను క్లాసులో వాడేది, చేతికి దొరికేది. ఖాళీ అగ్గిపెట్టెలు, చింతగింజలు. అగ్గిపెట్టెల్లో గింజలు వేసి మూసి, బల్ల మధ్యలో చాక్‌పీస్‌తో గీత గీస్తాను. గీతకు ఒక పక్క మూడు పెట్టెలు, నాలుగు విడి గింజలు. ఇంకో పక్క 19 గింజలు. షరతు ఒకటే, అన్ని పెట్టెల్లో గింజలు సమానంగా ఉన్నాయి, పెట్టె తెరవొద్దు. మొన్న ఒక ఏడో తరగతి అమ్మాయి ఈ బల్ల ముందు కూర్చుంది. ఆ అమ్మాయికి మూడో ఎక్కం కూడా వరుసగా రాదు, మధ్యలో తప్పిపోతుంది. కాసేపు ఊరికే చూసింది. తర్వాత ఇటు నాలుగు గింజలు పక్కకు జరిపింది, అటు నాలుగు లెక్కపెట్టి పక్కకు జరిపింది. మిగిలిన గింజలను ఒక్కో పెట్టె ముందు ఒక్కొక్కటిగా, ఇంట్లో పిల్లలకు పంచినట్టు పంచుతూ పోయింది. అయిపోయాక ఒక కుప్ప లెక్కపెట్టి, "అయిదు" అంది. పెట్టె తెరిచింది. అయిదే ఉన్నాయి. భాగహారం అనే మాట ఎవరూ ఎత్తలేదు, మూడో ఎక్కం ఎవరూ అడగలేదు.

తర్వాత గీతకు రెండు పక్కలా పెట్టెలు పెట్టాను. ఇటు మూడు పెట్టెలు రెండు గింజలు, అటు ఒక పెట్టె పది గింజలు. తెలివైన పిల్లలు కూడా తడబడే లెక్క ఇది. ఆ అమ్మాయి ముందు రెండేసి గింజలు తీసేసింది. ఆ తర్వాత ఆగి అడిగింది, "సార్, గింజలు తీసినట్టే ఇటొక డబ్బ, అటొక డబ్బ తియ్యొచ్చా? లోపట ఎన్నున్నా రెండిట్ల ఒకటే కదా." రెండు పెట్టెలు ఒక పక్క, ఎనిమిది గింజలు ఒక పక్క మిగిలాయి. నాలుగు. ఎన్నున్నాయో తెలియకపోయినా సమానం కాబట్టి తీసెయ్యొచ్చు అన్న ఆ మాటే చరరాశి అంటే ఏమిటో చెప్తుంది. బోర్డు మీద నిర్వచనం రాయించి కంఠస్థం చేయించిన పిల్లలు ఈ మాట చెప్పలేరు.

అయితే పెట్టెల దగ్గరే ఆగిపోతే పరీక్షకు పనికిరాదు. అక్కడి నుంచి బొమ్మకు రావాలి, పెట్టె బదులు చిన్న చతురస్రం, గింజ బదులు చుక్క, తీసేసిన వాటి మీద అడ్డగీత. బొమ్మతో చేతులు కుదిరాక పక్కనే అదే లెక్కను అక్షరంతో రాయించాలి, కొన్నాళ్ళు బొమ్మా అక్షరం పక్కపక్కనే ఉండాలి, తర్వాత పిల్ల తనంతట తానే బొమ్మను వదిలేస్తుంది. వస్తువు, బొమ్మ, గుర్తు అనే ఈ వరుస నేను కనిపెట్టింది కాదు. 2003లో విట్జెల్, మెర్సర్, మిల్లర్ అనే పరిశోధకులు లెక్కల్లో వెనకబడ్డ ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కొందరికి ఈ వరుసలో, కొందరికి మామూలుగా గుర్తులతోనే సమీకరణాలు చెప్పి పోల్చారు. వస్తువులతో మొదలుపెట్టినవాళ్ళు పాఠం అయిన వెంటనే పెట్టిన పరీక్షలోనూ, కొన్ని వారాల తర్వాత పెట్టిన పరీక్షలోనూ ముందున్నారు. రెండోదే నాకు ముఖ్యం, ఎందుకంటే ఈ పిల్లల విషయంలో మన కష్టమంతా నిన్నటిది ఇవాళ లేకపోవడమే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఎక్స్ అంటే పెట్టె కాదు, పెట్టెలో ఉన్న గింజల సంఖ్య. ఇది మొదటి రోజు నుంచీ నోటితో అనిపించాలి. "3ఎ + 2బీ అంటే మూడు ఆపిల్స్, రెండు బనానాలు" అని చెప్పే అలవాటు చాలా చోట్ల ఉంది, సజాతి పదాలు, విజాతి పదాలు చెప్పడానికి వాడతారు. అప్పటికి పని జరుగుతుంది. కానీ ఆ పిల్లకు అక్షరం అంటే వస్తువు అని ముద్ర పడిపోతుంది, రేపు ఎ విలువ 5 అని ఇస్తే 3ఎ దగ్గర 35 అని రాస్తుంది. ఆపిల్‌కు విలువ ఎట్లా ఉంటుంది మరి?

రుణ సంఖ్యలు వచ్చాక తరాజు సరిపోదు, మైనస్ 3 గింజలను పళ్ళెంలో పెట్టలేం. అక్కడ అష్టాచెమ్మా గింజలు అందుకుంటాయి. చింతగింజను ఒక పక్క నేలకు రాసి తెల్లగా చేస్తాం కదా, తెల్ల పక్క ప్లస్ ఒకటి, నల్ల పక్క మైనస్ ఒకటి. ఒక తెలుపు, ఒక నలుపు కలిస్తే సున్నా, జోడీ తీసి పక్కన పడెయ్యొచ్చు. మైనస్ 5కు ప్లస్ 3 కలిపితే ఎంత అని నోటితో అడిగితే బిక్కమొహం వేసే పిల్లాడు గింజలు పరిచి జోడీలు తీసి "రెండు నల్లయి మిగిలినయ్" అంటాడు. దీని మీద ఎన్ని పీరియడ్లు పెట్టినా వృథా కాదు, ఎనిమిదో తరగతిలో పోయే మార్కుల్లో సగం ఈ గుర్తుల దగ్గరే పోతాయని ఏ లెక్కల టీచర్‌ను అడిగినా చెప్తారు.

భిన్నాల విషయంలో మాత్రం నేను మెత్తబడను. ఎక్కాలు పక్కన పెట్టొచ్చు అన్నాను, భిన్నాలు పక్కన పెట్టడానికి లేదు. 2008లో అమెరికా జాతీయ గణిత సలహా మండలి నివేదికలో కూడా ఆల్జీబ్రాకు కావలసిన వాటిలో భిన్నాల మీద పట్టును ప్రత్యేకంగా చెప్పారు. సగం, పావు, ముప్పావు అనేవి ఇంట్లో పాలు, నూనె కొలిచేటప్పుడే ఉంటాయి, రొట్టె ముక్కల బొమ్మల దగ్గర ఆగకుండా సంఖ్యారేఖ మీద పెట్టించాలి.

హోంవర్క్ గురించి. ఇరవై లెక్కలు ఇస్తాం. బాగా వచ్చిన పిల్లకు ఇరవై అవసరం లేదు, రాని పిల్ల ఇరవై తప్పులు ప్రాక్టీస్ చేస్తుంది లేదా పక్కవాళ్ళ పుస్తకం చూసి రాస్తుంది. ఆస్ట్రేలియాలో స్వెల్లర్, కూపర్ అనే ఇద్దరు 1985లోనే ఆల్జీబ్రా పాఠంతో ప్రయోగం చేసి చూపించారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అన్నీ సొంతంగా చెయ్యమనడం కన్నా చేసిన లెక్కలు చూసి అర్థం చేసుకోనిస్తే అలాంటి లెక్కలే తక్కువ టైంలో, తక్కువ తప్పులతో చేస్తారని. జ్ఞాపకం మీద బరువు తగ్గుతుంది, బుర్ర పద్ధతిని గమనించడానికి ఖాళీ అవుతుంది. నేనిచ్చే ఆరు లెక్కల్లో రెండు పూర్తిగా చేసి ఉంటాయి, ప్రతి మెట్టు పక్కన "ఇక్కడ ఏం చేశారు?" అని ఉంటుంది, రెండింటిలో చివరి మెట్లు ఖాళీ, ఒకటి సొంతంగా చెయ్యాలి, ఒకటి తప్పుగా చేసినది, తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. ఆ చివరిదంటే పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఎప్పుడూ తన పుస్తకంలోనే ఎర్ర గీతలు చూసుకున్న పిల్ల, ఎర్ర పెన్ను తను పట్టుకుని గీస్తుంది.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి, ఖర్చు లేనివి. రూళ్ళ నోట్‌బుక్ మాన్పించి గళ్ళ నోట్‌బుక్ ఇప్పించండి, గడికి ఒక అంకె, సమాన గుర్తులన్నీ ఒకే నిలువు వరుసలో, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. ఎక్కాల పట్టిక అట్ట మీద అతికించి బెంచీ మీద పెట్టనివ్వండి. పద సమస్యను పిల్ల చేత చదివించకుండా మీరు చదవండి, లేదా పక్క పిల్ల చదవాలి, మనం పరీక్షిస్తున్నది లెక్కను, చదువును కాదు. 2022 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉంటున్నాయి. ఈ పిల్లల విషయంలో పద సమస్య ముందు తెలుగు పేజీలోనే చూడాలి. "ఒక సంఖ్య కన్నా 5 తక్కువ" అని తెలుగులో చదివితే ఉన్న వరుసలోనే రాస్తారు, ఇంగ్లిష్ వాక్యంలో 5 ముందు వస్తుంది కాబట్టి 5 లోంచి ఎక్స్ తీసేస్తారు. సమస్య కూడా వాళ్ళకు తెలిసిన లోకంలోది అయితే మేలు. ఎనుమాముల మార్కెట్‌కు నాలుగు బస్తాల మిర్చి పోయింది, అన్నీ సమాన బరువు, మొత్తం మీద 6 కిలోలు తరుగు తీసి 154 కిలోలకు పట్టీ రాశారు, ఒక్కో బస్తా ఎంత? రైతు బిడ్డ దీన్ని వెనక నుంచి విప్పుతుంది, "తరుగు మళ్ళ కలుపాలె, 160, నాలుగు బస్తాలకు 40." ఆ తర్వాత మనం చెయ్యాల్సింది ఆమె చెప్పినదాన్నే అక్షరంతో రాసి చూపించడం.

ఇక నాకు ఎదురయ్యే ప్రశ్నలు. పది పరీక్షలో ఎక్కాల పట్టిక ఇవ్వరు కదా, అలవాటు చేస్తే రేపు ఏం చేస్తారు అంటారు. మొదటి అయిదు నిమిషాల్లో రఫ్ పేజీ మీద కావలసిన ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది ఎక్కాలను కూడుకుంటూ రాసుకోవడం నేర్పొచ్చు, అది కంఠస్థం అక్కర్లేని పని. ఇంకో సంగతి, మన వాల్యుయేషన్‌లో స్టెప్ మార్కులు ఉంటాయి. సమీకరణం సరిగ్గా రాసి చివర్లో 7 × 8 దగ్గర 54 వేసిన పిల్లకు మార్కులు వస్తాయి, ఎక్కాలన్నీ వచ్చి సమీకరణం రాయలేని పిల్ల పేజీ ఖాళీగా ఉంటుంది. గుర్తింపు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు పరీక్షలో అదనపు టైం, స్క్రైబ్ (పిల్ల చెప్తుంటే రాసిపెట్టే మనిషి) వంటి సదుపాయాలు ఉండాలని 2016 చట్టం 17వ సెక్షన్‌లోనే రాసి ఉంది.

40 మందిలో ఒక్కరి కోసం ఇదంతా ఎట్లా చేస్తాం అనేది న్యాయమైన ప్రశ్న, సిలబస్ పూర్తి చెయ్యాలన్న టెన్షన్ నాకూ ఉంది. కానీ అగ్గిపెట్టెల పాఠం ఒక్కరికి చెప్పేది కాదు, క్లాసంతటికీ చెప్పేదే. గ్రామీణ పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వేలో, 2023లో, 14 నుంచి 18 ఏళ్ళ గ్రామీణ పిల్లల్లో సగానికి పైగా మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించలేకపోయారు. వాళ్ళందరికీ లెర్నింగ్ డిజెబిలిటీ లేదు. వాళ్ళందరికీ ఈ పాఠం పనికొస్తుంది. "దానికి పట్టిక ఇచ్చారు, మాకెందుకు ఇవ్వలేదు" అని ఎవరైనా అడిగితే వాళ్ళకూ ఇవ్వండి. అవసరం లేనివాళ్ళు కొన్నాళ్ళకు చూడటం మానేస్తారు, పట్టిక చూడటం కన్నా గుర్తున్నది రాయడం తొందరగా అవుతుంది కాబట్టి.

అట్లాగని ఎక్కాలు అసలు వద్దని అనడం లేదు. రోజూ పది నిమిషాలు, ఆటలాగా, రెండు, అయిదు, పది ఎక్కాల నుంచి మిగతావి ఎట్లా తెచ్చుకోవాలో చెప్తూ ఉండాలి. ఏడు ఎనిమిదులు రాకపోతే అయిదు ఎనిమిదులు నలభైకి రెండు ఎనిమిదులు పదహారు కలపడం. అది పక్కన నడవాలి, దారికి అడ్డంగా కాదు.

తల్లిదండ్రులతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టం. మార్కెట్లో హమాలీ పని చేసే ఒక తండ్రి నాతో అన్నాడు, "మా పోరనికి లెక్కలు ఎక్కుతలేవు సార్, కొట్టి జూసిన, ట్యూషన్ పెట్టిన. పదో తరగతి దాక ఎట్లనో ఎల్లదీయుండ్రి, ఆ తర్వాత ఎక్కడన్న పన్ల పెడ్త." ఆయన మాటలో విసుగు కన్నా అలసట ఎక్కువ. "అన్నా, కొట్టుడుతోని వచ్చేది గాదు ఇది, కన్ను సరిగ కానరానోణ్ణి కొడ్తే చూపు రాదు గదా" అని చెప్పాను. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే రిసోర్స్ పర్సన్లు ఉంటారు, ముందు అక్కడికి తీసుకెళ్ళండి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ వైకల్యానికి సర్టిఫికెట్ 8 ఏళ్ళు నిండిన తర్వాతే ఇచ్చేవారు, బెంగళూరు నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షలతో చూసేవారు; 2024లో ఆ మార్గదర్శకాలను మార్చారు, ఇప్పటి పద్ధతి అక్కడే అడిగి తెలుసుకోండి. ఆడపిల్ల అయితే సర్టిఫికెట్ అనగానే రేపు సంబంధాలు ఎట్లా అని తల్లులు భయపడతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వాళ్ళకు ఒకటే చెప్తాను, సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, పరీక్షలో అదనపు టైం కావాలంటే అది ఉండాలి, కానీ క్లాసులో నేను మీ బిడ్డకు అగ్గిపెట్టెలతో చెప్పడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

టీచర్లకూ అదే. ఫార్మేటివ్ పరీక్షల్లో స్లిప్ టెస్ట్ పేపర్ తయారుచేసేది మనమే, దిద్దేది మనమే. వచ్చే స్లిప్ టెస్ట్‌లో ఆ ఒకరిద్దరు పిల్లల బెంచీ మీద ఎక్కాల పట్టిక పెట్టండి, పది నిమిషాలు ఎక్కువ ఇవ్వండి, పద సమస్యను గట్టిగా చదివి వినిపించండి, సమీకరణం రాసిన దానికి విడిగా మార్కులు పెట్టండి. ఎంఈఓను అడగక్కర్లేదు, హెచ్ఎం సంతకం అక్కర్లేదు. ఆ జవాబు పత్రాలను ఇంతకు ముందువాటి పక్కన పెట్టి చూడండి, ఆ తర్వాత స్టాఫ్‌రూమ్‌లో ఎక్కాల గురించి మాట్లాడుకుందాం.